పారబోసిన ఆపిల్ కాయలు

మా పెరట్లో ఉన్న ఆపిల్ చెట్టు ఎందుకూ పనికిరాదని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఆ నమ్మకం మీద పనులు కూడా చేశాను. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అది రాల్చిన కాయలన్నీ ఏరి, కౌన్సిల్ వాళ్ళు తోట చెత్త కోసం ఇచ్చిన డబ్బాలో పోశాను. ఆ డబ్బా తీసుకెళ్ళినందుకు వాళ్ళకి డబ్బు కట్టాను. అదే వారం సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఎర్ర ఆపిళ్ళు సంచీడు కొనుక్కొచ్చి పిల్లకి ముక్కలు కోసి పెట్టాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను. నా తెలివితక్కువతనం ఆ చెట్టు దగ్గర మొదలైంది గానీ అక్కడితో ఆగలేదు.

మేముండేది ఇంగ్లండులో, నాటింగ్‌హామ్ శివార్లలో. ఇల్లు కొన్నప్పుడు పెరడు చివర రెండు చెట్లుండేవి. ఒకటి పెద్దది, కొమ్మలు వెడల్పుగా చాచుకున్నది. దాని పక్కన సన్నపాటి చెట్టొకటి, మరీ చిన్న ఎర్రకాయలు గుత్తులుగా కాసేది. పెద్దచెట్టు కాయలు చేతినిండుగా, ఆకుపచ్చగా, ఎండ తగిలిన వైపు కాస్త ఎరుపు జీరతో, కాస్త వంకరగా ఉండేవి. ఒక్కోటి పావుకిలో తూగేది. వచ్చిన మొదటి ఏడు ఒకటి కోసి, చున్నీకి తుడిచి కొరికాను. పళ్ళు పులిసిపోయాయి. నోట్లోది ఉమ్మేసి, మిగతాది కంచె వారకి విసిరేశాను. ఆ చెట్టు సంగతి ఆ ఒక్క కొరుకుతో తేలిపోయిందనుకున్నాను.

ఇందులో తెలివితక్కువతనం ఎంతో అర్థం కావాలంటే నేను పుట్టి పెరిగిన ఇంటి గురించి చెప్పాలి. మాది తూర్పు గోదావరి. మా తాతగారి దొడ్లో మామిడిచెట్లుండేవి. చిన్నరసాలు పండాక పిండుకుని తినడానికి. బంగినపల్లి ముక్కలు కోసుకోవడానికి. కొత్తపల్లి కొబ్బరిని పండనిచ్చే మాటే లేదు, అది పచ్చిగా ఉండగానే ఆవకాయ జాడీలోకి పోవాలి. ఏ కాయ పప్పుకి, ఏది పులిహోరలోకి తురమడానికి, ఏది మాగాయకి అన్నది అమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకుని చెప్పేసేది. చింతకాయ, గోంగూర, రాచ ఉసిరి, దబ్బకాయ, ఎప్పుడూ ఏదో ఒక పులుపు మా వంటింట్లో ఉండాల్సిందే. కాయ పుల్లగా ఉంది కాబట్టి చెట్టు దండగ అని ఎవరైనా అంటే మా ఇంట్లో వాళ్ళకి ఆ మాటే అర్థమయ్యేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, కాయ పుల్లగా ఉందని చెత్తలో పోశాను.

ఎందుకు పోశానంటే, అది ఆపిల్ కాబట్టి. ఆపిల్ అంటే నా మనసులో ఒకటే రూపం ఉంది. జ్వరం వచ్చి లేచినప్పుడు నాన్న బజారు నుంచి తెచ్చే కాశ్మీరు ఆపిల్. పల్చటి కాగితంలో చుట్టి, ఎర్రగా, తియ్యగా ఉండేది. తియ్యగా లేకపోతే అది చెడిపోయిందనే అర్థం. కూరకీ పచ్చడికీ వేరుగా కాయలున్నట్టే, వండుకోవడానికే పుట్టిన ఆపిల్ కూడా ఒకటి ఉండొచ్చన్న ఊహ నాకు రాలేదు.

అమ్మకి వచ్చింది. ఒకసారి వీడియో కాల్‌లో పెరడు చూపిస్తుంటే కాయలు కనిపించాయి. "ఏమే, అన్నేసి కాయలు నేలపాలు చేస్తున్నావు! పుల్లగా ఉంటే పప్పులో వెయ్యకపోయావా?" అంది. "అది మామిడికాయ కాదమ్మా, ఆపిల్" అని విసుక్కున్నాను. తను మరి మాట్లాడలేదు. ఆ చెట్టుని ముట్టుకోకుండా, దాని కాయ నోట పెట్టకుండా, ఫోను తెరలో చూసి అమ్మ సరిగ్గా చెప్పింది. చెట్టు కింద నిలబడ్డదాన్ని నేను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

కంచె అవతలి ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. మేం వచ్చేసరికే డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. నేను కాయలు ఏరి డబ్బాలో పోస్తున్నప్పుడల్లా ఆవిడ వంటింటి కిటికీలోంచో, గులాబీల దగ్గర్నుంచో ఇటే చూస్తూ ఉండేది. పలకరిస్తే పలికేది, వాన గురించీ చలి గురించీ రెండు మాటలు చెప్పేది, మళ్ళీ ఆ చూపు. దానికి అర్థం నేనే చెప్పేసుకున్నాను. మేమంటే ఆవిడకి గిట్టదు. మా తాలింపు వాసన గిట్టదు. పెరడు చూసుకోవడం చేతకానివాళ్ళు పక్కన చేరారని కడుపుమంట. పరాయిదేశంలో బతికేవాళ్ళకి అలాంటి చూపులు నిజంగానే ఎదురవుతాయి, అందులో అబద్ధం లేదు. నాకూ ఎదురయ్యాయి, బస్సులో, ఒకసారి పిల్ల స్కూలు గేటు దగ్గర. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాల్సి వచ్చింది. అలా నేర్చుకున్నది ఈవిడ మీద కూడా ప్రయోగించాను. "ఒకసారి టీకి పిలవరాదూ?" అని మావారు చాలాసార్లు అన్నారు. పిలవలేదు.

ఆవిడ చూసింది నన్ను కాదు, ఆపిళ్ళని.

ఆ సంగతి ఒక అక్టోబరు మధ్యాహ్నం తెలిసింది. గాలి బాగా వీచి, చెట్టు కింద నేల కనిపించకుండా కాయలు రాలాయి. నేను డబ్బా ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఆవిడ బుట్ట పట్టుకుని మా గేటు దగ్గర నిలబడి ఉంది. "ఏమనుకోకు, మి డక్. నీకు అక్కర్లేకపోతే ఆ దెబ్బ తగిలినవి కొన్ని తీసుకుంటాను" అంది. నాటింగ్‌హామ్ వైపు పెద్దవాళ్ళు ఆప్యాయంగా ఎవరినైనా 'మి డక్' అనే పిలుస్తారు. ఏళ్ళ తరబడి ఆ పిలుపు వింటూ కూడా ఆవిడకి నేనంటే గిట్టదనే అనుకున్నానంటే, మనసు ఒకసారి తీర్పు చెప్పేశాక చెవులు కూడా పని మానేస్తాయన్నమాట. తీసుకోమన్నాను. బుట్ట నింపి ఇచ్చాను. దెబ్బ తగలనివి కూడా ఏరి వేశాను. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించిన సంతోషం చూసి ఏదో పొరపాటు జరిగిందని మొదటిసారి అనుమానం వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆరు దాటాక తలుపు కొట్టింది. చేతుల్లో వంటింటి తువ్వాల్లో చుట్టిన పింగాణీ గిన్నె, ఇంకా పొగలు కక్కుతోంది. ఆపిల్ క్రంబుల్.

నేను క్రంబుల్‌ని అంతకుముందు చూడకపోలేదు. ఆఫీసు కేంటీన్లో ఉండేది. పళ్ళ మీద పిండి చల్లి కాల్చారు, అందులో ఏముంది, మన కజ్జికాయ ముందు, పూతరేకు ముందు ఇదొక పిండివంటా అనుకునేదాన్ని. తినకుండానే అనుకునేదాన్ని. ఆ సాయంత్రం గిన్నె మీద తువ్వాలు తీస్తే, పైన పిండి గోధుమరంగు తిరిగి, అక్కడక్కడా ఉండలు కట్టి, పగుళ్ళిచ్చి ఉంది. అంచుల దగ్గర పళ్ళరసం పిండిని తోసుకుని పైకి పొంగి, గిన్నెకి అంటుకుని ముదురు పాకమైంది. చెంచా దించితే పైపొర కరుకుమని విరిగింది. దాని కింద ఆపిల్ ముక్క లేదు. తెల్లగా, మెత్తగా, నురుగు తేలి గుజ్జయిపోయిన పండు ఉంది. మధ్య మధ్య బ్లాక్‌బెర్రీల ఊదారంగు చారలు. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెన్న, దాల్చిన చెక్క, ఆ వెంటనే ఆ పులుపు. నేను ఉమ్మేసిన పులుపే. పైనున్న తీపినీ వెన్ననీ వెగటు కాకుండా పట్టి నిలిపింది అదే. అదే గనక లేకపోతే ఆ వంటకం నిలబడదు. పప్పుకి మామిడికాయ చేసే పనే.

"ఇవి ఏ ఆపిళ్ళు?" అని అడిగాను. అడగాల్సిన అవసరం లేదు, తెలిసిపోయింది.

"మీ చెట్టువే. బ్రామ్లీలు. మీకంటే ముందు ఈ ఇంట్లో ఉన్నావిడ నా స్నేహితురాలు. ప్రతి ఏడూ కంచె మీదుగా నాకో బుట్ట ఇచ్చేది."

"మరి ఇన్నేళ్ళూ నన్ను ఎందుకు అడగలేదు?"

"మీ చెట్టు కదా, మి డక్. మీ ఇష్టం" అంది.

ఆవిడ వెళ్ళాక ఆ రాత్రి బ్రామ్లీ ఆపిల్ గురించి దొరికిందల్లా చదివాను. మా ఇంటికి కారులో అరగంట దూరంలో సౌత్‌వెల్ అని చిన్న ఊరుంది, పెద్ద చర్చి ఉన్న ఊరు. ఆ ఊరికి పిల్లని తీసుకుని వెళ్ళాం కూడా. 1809లో అక్కడ మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే చిన్నపిల్ల ఆపిల్ గింజలు నాటితే ఒక మొక్క నిలిచింది. 1846లో ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొన్నాడు. పదేళ్ళ తర్వాత హెన్రీ మెర్రీవెదర్ అనే కుర్రవాడు, నర్సరీ నడిపే ఇంటివాడు, ఆ కాయ చూసి, అంటు కట్టుకోవడానికి కొమ్మలు అడిగాడు. నా పేరు పెడితే సరే అన్నాడు బ్రామ్లీ. అలా గింజ నాటిన పిల్ల పేరు కాకుండా ఇల్లు కొన్నాయన పేరు ఆ కాయకి నిలిచింది. 1900లో గాలివానకి ఆ మూలచెట్టు పడిపోయింది. పడిన కాండం మళ్ళీ వేళ్ళూని చిగిర్చింది. ఈ దేశంలో వంటకి ఆపిల్ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది బ్రామ్లీనే. ఆ వంశమంతా ఆ ఒక్క గింజ నుంచి అంటుకట్లతో వచ్చిందే, మా పెరట్లోది కూడా. ఆ కాయలో మాలిక్ ఆమ్లం ఎక్కువ, చక్కెర తక్కువ. పొయ్యి మీద పెడితే ముక్క నిలవదు, విచ్చుకుని నురుగయిపోతుంది. తినే ఆపిళ్ళు వండినా ముక్కగానే ఉంటాయి, రుచి మాత్రం సగం పోతుంది. సరిగ్గా వండడానికే జనం తరతరాలుగా కాపాడుకుంటున్న కాయని నేను పచ్చిగా కొరికి తీర్పు చెప్పాను.

క్రంబుల్ సంగతి ఆవిడే చెప్పింది, ఆ తర్వాత టీకి పిలిచినప్పుడు. యుద్ధానికి కాస్త ముందు పుట్టిన మనిషి. 1940 జనవరిలో వెన్నకీ పంచదారకీ రేషను పెట్టారు. ఒక దశలో మనిషికి వారానికి 57 గ్రాముల వెన్న, 227 గ్రాముల పంచదార. రేషను పూర్తిగా ఎత్తేసేసరికి 1954 వచ్చింది. ఆపిల్ 'పై' చెయ్యాలంటే కిందా పైనా పిండిపొర కావాలి, వెన్న చాలదు. క్రంబుల్‌కి పైపొర ఒక్కటే, అదీ ఎంత ఉంటే అంత. వెన్న తక్కువైతే ఓట్స్ కలిపేవారు, రొట్టె పొడి కలిపేవారు. ఈ వంటకం ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది ఆ రోజుల్లోనేనని అంటారు. పళ్ళు మాత్రం పెరట్లో ఉండేవి, గట్ల మీద దొరికేవి. ఒక కాయ నేల మీద కుళ్ళనిస్తే వాళ్ళమ్మ తిట్టేదట. ఈ మాట ఆవిడ నన్ను ఉద్దేశించి చెప్పలేదు. నాకు మాత్రం చెప్పాల్సిన చోట తగిలింది. చెత్త డబ్బా చక్రాల చప్పుడు వినిపించినప్పుడల్లా అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి కిటికీ దగ్గర ఏమనుకుని నిలబడిందో అప్పుడర్థమైంది.

బ్లాక్‌బెర్రీల విషయంలో కూడా ఇంతే. ట్రెంట్ నది గట్టు మీద, సెప్టెంబరులో ముళ్ళపొదల నిండా నల్లగా పండి ఉంటాయి. మా అమ్మాయి చిన్నప్పుడు చెయ్యి చాస్తే గభాల్న వెనక్కి లాగేదాన్ని, విషమేమోనని. "స్కూలు నుంచి తీసుకెళ్ళినప్పుడు టీచర్ తిన్నదమ్మా" అని అది ఎంత చెప్పినా వినలేదు. చిట్టి డబ్బాలో పన్నెండు కాయలుంటే అంత ఖరీదూ పోసి కొన్నాను. సెప్టెంబరు 29న మైకేల్మస్ పండగ దాటాక బ్లాక్‌బెర్రీలు కోయకూడదని ఇక్కడి పాతవాళ్ళ మాట. ఆ రోజు సైతాను వాటి మీద ఉమ్ముతాడంటారు. చలీ తేమా పెరిగాక కాయ నీళ్ళోడి బూజు పట్టేది నిజమే. అందుకని ఆవిడ సెప్టెంబరులోనే కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటుంది, బ్రామ్లీలు పక్వానికి వచ్చేదాకా.

నేనూ చేస్తానని మొదలుపెట్టాను. చేతినిండా పిండివంటలు చేసే ఇంటినుంచి వచ్చినదాన్ని, ఇదెంత అనుకున్నాను. మైదాలో వెన్న వేశాను. బయట పెట్టి మెత్తబడ్డ వెన్న. కలుపుతుంటే పొడిగా అనిపించింది, అలవాటు కొద్దీ చెయ్యి నీళ్ళ చెంబు మీదకి పోయింది. నీళ్ళు చిలకరించి, అరచేత్తో అదిమి ముద్ద చేసి, దాన్ని విరిచి పళ్ళ మీద పరిచాను. ఓవెన్లోంచి బయటికి వచ్చింది పలక. చెంచాకి లొంగలేదు.

నాకు తెలియని విషయమైతే ఇంత బాధపడను. జంతికల పిండికి వెన్న పట్టించడం పదేళ్ళ వయసు నుంచీ చూశాను. నీళ్ళు పోయకముందే పొడి పిండిలో వెన్న వేసి వేళ్ళతో రుద్ది రుద్ది పట్టిస్తారు. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అప్పుడే గుల్లగా వస్తాయని అమ్మ చెప్పేది. క్రంబుల్‌కి కావాల్సింది సరిగ్గా అదే, అక్కడే ఆగాలి. వెన్న పిండిరేణువులకి పట్టుకుంటే నీళ్ళు వాటిని చేరలేవు, గోధుమలోని జిగురు సాగదు, కాలినప్పుడు గుల్లబారుతుంది. నీళ్ళు పోసి మర్దిస్తే ఆ జిగురంతా లేచి రొట్టె అవుతుంది. రెండు పాళ్ళు మైదా, ఒక పాలు వెన్న, ఒక పాలు పంచదార. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసినట్టే చల్లగా ఉండాలి, ముక్కలు కోసి వెయ్యాలి. అరచెయ్యి తగలనివ్వకూడదు, వేడికి కరుగుతుంది. వేళ్ళ కొసలతో ఎత్తి, రుద్ది, వదిలెయ్యాలి. అది బొంబాయి రవ్వలా పొడిపొడిగా అయ్యాక పంచదార, గుప్పెడు ఓట్స్ కలపాలి. అమ్మకి ఫోన్లో చెబితే రెండో మాటకే "వెన్న పట్టించి నీళ్ళు పొయ్యకుండా ఆపెయ్యడమేగా" అంది.

పైపొర కుదిరాక మసాలా మీద పడ్డాను. ఇది చెప్పడం నాకు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇందులో ఉన్నది అజ్ఞానం ఒక్కటే కాదు, గర్వం. ఆవిడ క్రంబుల్లో అరచెంచా దాల్చిన చెక్క పొడి, గీరిన జాజికాయ చిటికెడు, అంతే. మసాలా దినుసులు మావి, వీళ్ళకేం తెలుసు, అసలు రుచి ఎలా ఉంటుందో చూపిస్తాను అనుకున్నాను. లవంగాలు, యాలకులు, జాపత్రి, అనాసపువ్వు, మిరియాలు వేయించి దంచాను. ఇంట్లో ఉన్నది మన దుకాణంలో కొన్న దాల్చిన చెక్క. మనం ఆ పేరుతో వాడేదాంట్లో చాలావరకు కాసియా, సిలోన్ దాల్చిన చెక్క కంటే ఘాటు. అదీ దండిగా వేశాను. ఇల్లంతా కమ్మటి వాసన. గిన్నె కంచె దాటించి ఆవిడకి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను మెప్పు కోసం.

ఆవిడ నిదానంగా రెండు చెంచాలు తింది. చెంచా కింద పెట్టి, చాలా నెమ్మదిగా, "ఆపిల్ ఎక్కడుంది, మి డక్?" అంది.

ఎక్కడా లేదు. నేనూ తిని చూశాను. లవంగం నాలుకని మొద్దుబార్చింది, మిగతావి దాని మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. బిర్యానీలో మాంసమూ నెయ్యీ ఉండి ఆ ఘాటుని మోస్తాయి. ఇక్కడ మోయడానికి ఒక పండు, దాని సన్నటి పులుపు. అది నలిగిపోయింది. పైగా ఆ దినుసులు మావి అనుకోవడమే తప్పు. లవంగమూ జాజికాయా పుట్టింది ఇండోనేషియా వైపు దీవుల్లో, మన వంటింటికీ అవి సముద్రం దాటి వచ్చినవే. ఇంగ్లీషు వంటిళ్ళలో అవి మధ్యయుగాల నుంచీ ఉన్నాయి. ఆపిల్ పైలో లవంగం గుచ్చడం ఇక్కడ పాత పద్ధతి. పుడ్డింగుల కోసం వీళ్ళు అమ్మే మిక్స్‌డ్ స్పైస్ పొడి డబ్బా వెనక చదివితే తరచుగా ధనియాలు కూడా కనిపిస్తాయి, నేను వెయ్యాలని కూడా అనుకోనివి. వాళ్ళు తక్కువ వేసింది తెలియక కాదు. ఎంత వెయ్యాలో తెలిసి వేశారు. మా అమ్మ గోంగూరలో ఇంగువ తగ్గించేది కూడా అందుకే.

ఆ తర్వాత ఇప్పటికి స్థిరపడ్డ పద్ధతి ఇది. ముప్పావుకిలో బ్రామ్లీలు తొక్క తీసి, గింజల బొడ్డు తీసేసి, మరీ పల్చగా కాకుండా తరగాలి. నల్లబడకుండా నిమ్మరసం చిలకరించాలి. రెండు గుప్పెళ్ళ బ్లాక్‌బెర్రీలు, వంద గ్రాముల లోపు పంచదార. పులుపు చంపేటంత తీపి వెయ్యకూడదు. పైపొరని చల్లడమే, అదమకూడదు. అదిమితే ఆవిరి పోదు, పిండి ఉడుకుతుంది. 180 డిగ్రీల ఫ్యాన్ ఓవెన్లో నలభై నిమిషాల పైచిలుకు, అంచుల్లో రసం బుడగలు వచ్చేదాకా. తియ్యగానే వడ్డించకుండా పావుగంట ఆగాలి, రసం చిక్కబడుతుంది. పక్కన వేడి కస్టర్డ్. మన ఇళ్ళలో ఫ్రూట్ సలాడ్‌లోకి చల్లగా వాడే ఆ పొడి 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడక చేసింది.

ఇంకొకటి ఉంది. దీన్ని మాత్రం వంటతో సరిచెయ్యలేకపోయాను. పెద్దచెట్టు పక్కన సన్నచెట్టు ఉండేదన్నాను కదా. ఆ చిన్న ఎర్రకాయలు నోట పెట్టే వీల్లేనివి, మిగతా మొక్కలకి నీడ చేస్తోందని ఒక శీతాకాలం కొట్టించేశాను, ఆవిడ బుట్ట పట్టుకుని రాకముందే. తర్వాత తెలిసింది, అది క్రాబ్ ఆపిల్. బ్రామ్లీకి క్రోమోజోముల సెట్లు రెండుకి బదులు మూడు ఉంటాయి, అందుకని దాని పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు, అది ఇంకో చెట్టుకి సాయపడలేదు, దానికి మాత్రం వేరే రకాల పుప్పొడి కావాలి. క్రాబ్ ఆపిల్ ఎక్కువ రోజులు పూస్తుంది కాబట్టి తెలిసినవాళ్ళు పక్కన నాటుతారు. మాకు ముందున్న ఆవిడ అలాగే నాటిందట. కొట్టించిన తర్వాతి ఏడు కాపు బాగా పలచబడింది. ఆ ఏప్రిల్‌లో పూతమీద మంచు కూడా కురిసింది, చుట్టుపక్కల పెరళ్ళలో వేరే ఆపిల్ చెట్లూ ఉన్నాయి, కాబట్టి అంతా నా పాపమే అని తేల్చలేను. కానీ ఆ మొద్దు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా తేనెటీగలు లేని ఆ ఖాళీ నాకు కనబడుతుంది. కొత్త క్రాబ్ ఆపిల్ మొక్క తెచ్చి నాటాను. ఇంకా నడుం ఎత్తు కూడా లేదు.

పోయిన శరత్కాలం అమ్మ వచ్చింది. వచ్చిన రెండోరోజే చెట్టు కిందికి వెళ్ళి కాయ కోసి, కొరికి, "కొత్తపల్లి కొబ్బరంత లేదు గానీ మంచి పులుపే" అంది. కందిపప్పులో వేసింది. ముక్క కనబడలేదు, పప్పంతా కలిసిపోయింది. "ఇది పప్పుకి కాదు, ముక్క దొరకడం లేదు, పచ్చడికి బావుంటుంది" అని తేల్చి, తురిమి, మెంతులూ ఆవాలూ ఇంగువా తాలింపు వేసి పచ్చడి చేసింది. అన్నంలోకి దివ్యంగా ఉంది. ఇన్నేళ్ళ కాయలు ఏం చేశావని నన్ను అడగలేదు. నేనే చెప్పాను, చెత్త డబ్బా సంగతీ, దానికి కట్టిన డబ్బు సంగతీ. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పక్కింటావిడకి ఆ చప్పుడు రోజూ వినబడుతూ ఉండేదేమో" అంది.

క్రంబుల్ తిని, దాల్చిన చెక్క తీసేసి శొంఠి వెయ్యమంది, పావుచెంచా చాలునంది. ఊరి నుంచి తను తెచ్చిన శొంఠి దంచి అలాగే వేశాం. ఆపిల్ ముందుంది, శొంఠి గొంతులోకి దిగాక తెలిసింది. ఒక గిన్నె కంచె అవతలికి ఇచ్చాను. మర్నాడు ఆవిడ గిన్నె కడిగి తిరిగి పంపుతూ, అందులో మూతున్న ఖాళీ సీసా ఒకటి పెట్టింది, ఆ పొడి కాస్త తనకీ కావాలని.